సరోజినీ నగర్‌లో క్వార్టరు, ఊళ్ళో అయిదెకరాలు

దక్షిణ ఢిల్లీలో రింగు రోడ్డుకు సమీపాన ఉన్న సరోజినీ నగర్ అనగానే నేటి యువతీయువకులకు స్ఫురించేది అక్కడి బట్టల బజారు. ఎగుమతికని కుట్టి, ఏదో చిన్న లోపం వల్ల ఓడ ఎక్కలేకపోయిన దుస్తులు అక్కడ గుట్టలు గుట్టలుగా అమ్ముడుపోతాయి. సాయంకాలం వేళ ఆ సందులలో భుజం భుజం రాసుకోకుండా నడవడం అసాధ్యం. కాని ఈ బజారు వెనుక మరొక సరోజినీ నగర్ ఉన్నది. అది గుమాస్తాల ఊరు. స్వాతంత్ర్యానంతరం కేంద్ర ప్రభుత్వోద్యోగుల నివాసం కోసం వెలసిన ఈ కాలనీకి మొదట వినయ్ నగర్ అని పేరు. తరువాత సరోజినీ నాయుడు పేరు స్థిరపడినది. ఆమె 1879లో హైదరాబాదులో జన్మించి, నేటి ఉత్తరప్రదేశ్‌కు గవర్నరుగా ఉంటూ 1949లో లక్నోలో కన్నుమూసినది. కాలనీలోని మరొక చిన్న బజారును బాబు మార్కెట్ అంటారు. ఉత్తరాదిలో ‘బాబు’ అంటే కార్యాలయంలో కలం పట్టేవాడు. ఆ ఒక్క మాటలో కాలనీ చరిత్ర సగం ఉన్నది.

దక్షిణాది నుండి ఉద్యోగరీత్యా వచ్చిన కుటుంబాలు ఇక్కడ తరాల తరబడి కాపురాలు చేసినవి. కాని క్వార్టరులో ఎన్నేళ్ళున్నా ఇల్లు ఎన్నటికీ సొంతం కాదు. పదవీ విరమణ జరిగిన కొద్ది నెలలకు తాళంచెవి అప్పగించవలసినదే. ఇప్పుడు ఆ పాత ఇళ్ళకే నిలకడ లేకుండా పోయినది. సరోజినీ నగర్‌తో సహా ఏడు ప్రభుత్వ కాలనీలను పడగొట్టి, బహుళ అంతస్తుల భవనాలుగా తిరిగి నిర్మించే పథకానికి 2016లో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపినది. అందుకోసం వేల చెట్లు నరికివేయనున్నారని 2018 జూన్‌లో తెలిసినప్పుడు నగరవాసులు వీధులలోకి వచ్చారు. ఢిల్లీ హైకోర్టు ఆ నరికివేతను నిలిపివేసినది. చెట్ల సంగతి అటుంచితే, ముప్ఫయ్యేళ్ళ కొలువు ముగిసిన తెలుగు ఉద్యోగికి ఇది నాది అని చెప్పుకోవడానికి తరచుగా మిగిలేది ఊళ్ళో తండ్రి పంచి ఇచ్చిన నాలుగైదెకరాలే.

అటువంటి ఉద్యోగి ఒకరిని పాఠకులు సులభంగా ఊహించుకోవచ్చు. కృష్ణా డెల్టాలో అయిదెకరాల మాగాణి. సేద్యం తమ్ముడిది. ఎడ్లను అమ్మివేసి చాలా కాలమైనది. బాడుగ ట్రాక్టరు పిలిచిన నాడు రాదు. కాలువకు నీరు వదిలిన వారంలో ఊరందరికీ ఒక్కసారే అది కావాలి. దమ్ము ఆలస్యమైతే నారు ముదురుతుంది, నారు ముదిరితే దిగుబడి తగ్గుతుంది. “అన్నయ్యా, రిటైరయినప్పుడు వచ్చే డబ్బులో కొంత తీసి ఒక ట్రాక్టరు కొంటే ఈ బాధ తప్పుతుంది” అని తమ్ముడు ఫోనులో అంటాడు. న్యాయమైన మాటే. కాని ఆ డబ్బు జీవితంలో ఒక్కసారి మాత్రమే వస్తుంది. ఆరేడు లక్షలు, కొన్ని రకాలకు అంతకు మించిన సొమ్ము కూడా, ఒక్క సంతకంతో ఇనుముగా మారిపోతుంది.

ట్రాక్టరును చూడాలనుకున్న ఢిల్లీవాసి ఎంతో దూరం పోనక్కరలేదు. సరోజినీ నగర్ మెట్రో స్టేషనును 2018 ఆగస్టులో తెరిచారు. అక్కడ గులాబి రంగు మార్గంలో ఎక్కి మూడవ స్టేషనైన లజపత్ నగర్‌లో దిగి, ఊదారంగు మార్గంలోకి మారితే చాలు. నెహ్రూ ప్లేసు, ఓఖ్లా, తుగ్లకాబాదు, బదర్‌పూర్ సరిహద్దు దాటి బండి హర్యానాలో ప్రవేశిస్తుంది. నగరం సన్నగిలి, ఇటుక గోడలు, పొగగొట్టాలు, లారీలు కనుపించసాగుతాయి. బాటా చౌక్ తరువాత వచ్చే స్టేషను పేరు ఎస్కార్ట్స్ ముజేసర్. ఒక ట్రాక్టరు కంపెనీ పేరును ఒక పల్లె పేరుతో ముడివేసి స్టేషనుకు పెట్టిన చోట్లు దేశంలో ఎన్నో ఉండవు.

ఇది ఫరీదాబాదు. జహంగీరు కోశాధికారి షేక్ ఫరీద్ 1607లో స్థాపించిన చిన్న పట్టణం దేశ విభజన తరువాత మరొక జన్మ ఎత్తినది. వాయవ్య సరిహద్దు రాష్ట్రం నుండి కట్టుబట్టలతో వచ్చిన కాందిశీకులకు 1949 తరువాత ఇక్కడ కొత్త పారిశ్రామిక పట్టణం కట్టారు. ఇళ్ళు కట్టే పనిలో కాందిశీకులనే కూలీలుగా, సహకార సంఘాల సభ్యులుగా నిలబెట్టిన సంస్థ ఇండియన్ కోఆపరేటివ్ యూనియన్. దానిని 1948లో స్థాపించిన కమలాదేవీ చట్టోపాధ్యాయ సరోజినీ నాయుడు తమ్ముడు హరీంద్రనాథ్‌ను వివాహమాడి, అనంతర కాలంలో విడిపోయిన వనిత. మెట్రో మార్గానికి ఆ కొసన ఆడపడుచు పేరు, ఈ కొసన మరదలు చేసిన పని! ఢిల్లీలో ఇటువంటి చుట్టరికాలు ఎవరూ చెప్పకుండా దాగి ఉంటాయి.

ట్రాక్టరు చరిత్రలో ఈ పట్టణానిది పెద్ద పీట. స్వాతంత్ర్యం వచ్చిన నాటికి దేశంలోని ట్రాక్టర్లన్నీ దిగుమతి సరుకే. యుద్ధానంతరం అమెరికా సైన్యం వదలిపోయిన యంత్రాలతో 1947లో కేంద్ర ట్రాక్టరు సంస్థ ఏర్పడినది. మధ్య భారతంలో రెల్లు గడ్డి అల్లుకొని బీడుపడిన నేలలను దున్ని సాగులోకి తేవడం దాని పని. 1949లో ప్రపంచ బ్యాంకు ఇచ్చిన తొలి అప్పులలో ఒకటి ఈ రెల్లు నిర్మూలనకు ఉపకరించినది. అవి ప్రభుత్వాలు నడిపే మహాయంత్రాలు. రైతు దూరాన నిలిచి చూసేవి. రైతు ఇంటి ముంగిట నిలిచే ట్రాక్టరు ఆ తరువాత వచ్చినది. 1959 ఏప్రిల్ 24న దేశంలో తయారైన తొలి ట్రాక్టరు ఫరీదాబాదులోని ఐషర్ కర్మాగారం నుండి వెలువడినది. సాంకేతిక విజ్ఞానం జర్మనులది. ఆ సంస్థ చిన్న ట్రాక్టరుకు ఉన్నది ఒకే సిలిండరు, అదీ గాలితో చల్లబడేది. రేడియేటరు లేదు, నీళ్ళు పోసే పని లేదు, పాడయ్యే భాగాలు తక్కువ. చిన్న రైతు అవసరాన్ని అంత సూటిగా గ్రహించిన యంత్రాలు అరుదు. ఐషర్ ట్రాక్టర్ల వ్యాపారం 2005లో చెన్నైకి చెందిన టాఫె చేతికి పోయినది. ఎస్కార్ట్స్ కథ మరొక విధం. 1944లో లాహోరులో నందా సోదరులు ఆరంభించిన సంస్థ విభజనతో ఢిల్లీకి తరలివచ్చి, 1960ల ఆరంభంలో పోలెండు దేశపు ఉర్సుస్ సహకారంతోను, ఆ దశాబ్దం చివర ఫోర్డు సహకారంతోను ఫరీదాబాదులో ట్రాక్టర్లు తయారు చేసినది. 2022లో అది జపాను కుబోటా ఆధీనంలోకి వచ్చి, పేరు కూడా మార్చుకున్నది.

ఢిల్లీ నుండి విజయవాడకు, హైదరాబాదుకు పోయే రైళ్ళలో చాలామట్టుకు ఈ ఊరి మీదుగానే సాగుతాయి. సెలవుపై ఇంటికి పోయే ఉద్యోగి కిటికీలోనుంచి ఈ కర్మాగారాల గోడలను ఎన్నోసార్లు చూసి ఉంటాడు. పుట్టింటిలోనే కొంటే చౌక కాదా అని ఆశ పుట్టడం సహజం. కాని ట్రాక్టరును ఫరీదాబాదులో చూడవచ్చును గాని, కొనవలసినది ఊరికి దగ్గరి పట్టణంలోనే. నాట్ల వారంలో హైడ్రాలిక్ పంపు మొరాయిస్తే ఆ సాయంత్రానికి మెకానిక్కు రాగలిగిన దుకాణం ఏదో, ఆ దుకాణం అమ్మే ట్రాక్టరే మంచి ట్రాక్టరు. బొమ్మల పుస్తకంలోని పోలికలన్నీ దీని తరువాతివే.

నేల విషయం కూడా ఉన్నది. హర్యానా రైతు గోధుమకు పొడి దుక్కి దున్నుతాడు. డెల్టా రైతు మోకాలిలోతు బురదలో దమ్ము చేస్తాడు. అక్కడ పొడి నేలపై చక్కగా పరుగెత్తిన బరువైన యంత్రం ఇక్కడ ఇరుసుదాకా కూరుకుపోయి, దానిని లాగడానికి మరొక ట్రాక్టరును పిలిపించుకుంటుంది. మాగాణికి కావలసినది మితమైన బరువు, వెనుక ఇనుప దమ్ము చక్రాలు తగిలించే వీలు, నూనెలో మునిగి ఉండే బ్రేకులు. పొడి బ్రేకులలోకి బురద నీరు చేరితే అవి పట్టు తప్పుతాయి. నాలుగు చక్రాలకూ శక్తి అందే రకం బురదలో నిస్సందేహంగా మేలు, ధర ఎక్కువ. నల్లరేగడి మెట్టలో లోతు దుక్కి చేసేవారికి నలభై అయిదు అశ్వశక్తి అవసరం కావచ్చును. అయిదడుగుల రోటవేటర్ తిప్పే మాగాణి రైతుకు ముప్ఫై అయిదు, నలభై మధ్య సరిపోతుంది. నిమ్మ, మామిడి తోటల వరుసల నడుమ తిరగడానికైతే ఇరవై అశ్వశక్తి గల ఇరుకు ట్రాక్టరే మేలు. ఊళ్ళో ఎవరో యాభై కొన్నారని తానూ యాభై కొనడం పౌరుషమే అవుతుంది గాని సేద్యం కాదు.

మూత మీద వ్రాసిన అంకె ఇంజనుది. రోటవేటరును తిప్పే పి.టి.ఓ. షాఫ్టు దగ్గరకు వచ్చేసరికి అది తగ్గిపోతుంది. ఎంత తగ్గుతుందో, గంటకు ఎంత డీజిలు తాగుతుందో, వెనుక చేతులు ఎంత బరువు ఎత్తుతాయో మధ్యప్రదేశ్‌లోని బుద్నీలో 1955 నుండి ఉన్న కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్ర శిక్షణ, పరీక్షా సంస్థ కొలిచి నివేదికలు ఇస్తుంది. అమ్మకందారును ఆ నివేదిక చూపమని అడగడం కొనుగోలుదారు హక్కు. ఆశ్చర్యమేమంటే, టీవీ కొనేముందు నలుగురిని వాకబు చేసే ఉద్యోగి కూడా ఈ కాగితాన్ని అడగడు.

ఇవన్నీ తెలిసిన తరువాత కూడా అసలు లెక్క మిగిలే ఉంటుంది. ఎకరానికి ఒక పంటలో దుక్కికి, దమ్ముకు, చదునుకు కలిపి ఆరు గంటల పని అనుకుంటే, అయిదెకరాలకు సార్వా, దాళ్వా రెండింటికీ ఏడాదికి అరవై గంటలు. ట్రాక్టరు అప్పు ఇచ్చేందుకు బ్యాంకులు దీర్ఘకాలం పాటించిన కొలమానం ఎనిమిది ఎకరాల నీటి వసతి గల భూమి, ఏడాదికి వెయ్యి గంటల పని. అరవై ఎక్కడ, వెయ్యి ఎక్కడ? మిగిలిన తొమ్మిది వందల నలభై గంటలు ఇతరుల పొలాలలో, ఇసుక, ఇటుక, ధాన్యం తోలే ట్రాలీ ముందు గడవవలసినదే. తన పొలానికి యంత్రం కొంటున్నానని అనుకునే అయిదెకరాల ఆసామి నిజానికి ఊళ్ళో బాడుగ వ్యాపారం పెడుతున్నాడు. 2015–16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలో సగటు కమతం 1.08 హెక్టార్లు మాత్రమే, అనగా రెండెకరాల డెబ్భై సెంట్లకు కొంచెం తక్కువ. అయినా 2022–23 ఒక్క ఏడాదిలోనే దేశంలో తొమ్మిది లక్షలకు పైగా ట్రాక్టర్లు అమ్ముడుపోయినవి. ఆ యంత్రాలలో పెక్కు పొరుగువాని పొలంలోనే బ్రతుకుతున్నవన్న మాట.

వ్యాపారమని ఒప్పుకున్న తరువాత ప్రశ్నలు మారిపోతాయి. ఊళ్ళో ఇప్పటికే ఎన్ని ట్రాక్టర్లున్నవి? బాడుగ సొమ్ము పని అయిన నాడు చేతికి వస్తుందా, పంట అమ్మిన దాకా ఆగాలా? కౌలుదారు పంట పోతే ఆ బాకీ సంగతేమిటి? అన్నిటికంటె ముఖ్యంగా, తొక్కేది ఎవరు? తమ్ముడి కొడుకు పట్నంలో చదువుతుంటే అతడు వచ్చి నడుపుతాడనే ఆశపై అప్పు తీసుకోరాదు. జీతపు డ్రైవరు నడిపితే లాభంలో ముఖ్యభాగం అతడికి, డీజిలుకు పోతుంది. వాయిదా మాత్రం ఆరు నెలలకొకసారి తప్పకుండా వస్తుంది. ఢిల్లీలో కూర్చొని ట్రాక్టరు బాడుగల లెక్క చూడడం సాధ్యమనుకునేవారు ఊరిని మరచిపోయినవారు.

పై ప్రశ్నలకు తృప్తికరమైన జవాబులు లేనప్పుడు మూడు దారులున్నవి. పవర్ టిల్లర్ మాగాణి మడులలో గట్లకు దెబ్బ తగలకుండా తిరుగుతుంది, ఖరీదు తక్కువ. నడిపేవాడు రోజంతా దాని వెంట బురదలో నడవాలి, అంతే. ఇద్దరు ముగ్గురు అన్నదమ్ములు, దాయాదులు కలిసి కొనడం మరొకటి. ఇది కాగితం మీద ఎంతో అందంగా ఉండి, నాట్ల మొదటి రోజున ఎవరి చేను ముందన్న చోట విరుగుతుంది. మూడవది పాత ట్రాక్టరు. మీటరులోని గంటలను నమ్మక, ఇంజను చల్లగా ఉన్నప్పుడు స్టార్టు చేయించి పొగ రంగు చూసి, నమ్మకమైన మెకానిక్కును వెంటబెట్టుకొని పోతే ఇది చెడ్డ బేరమేమీ కాదు. కొత్తదే కావాలనేవారికి 2025 సెప్టెంబరు 22 నుండి ట్రాక్టర్లపై జి.ఎస్.టి. 12 శాతం నుండి 5 శాతానికి తగ్గడం కొంత ఊరట.

నిర్ణయం ఏదైనా, అన్నగారు చెక్కు వ్రాసే ముందు ఒక సార్వా కాలం ఊళ్ళో గడపడం మంచిది. ఏ ట్రాక్టరు ఎవరి పొలంలో ఎన్ని గంటలు తిరిగినదో, ఎవరు ఎంత ఇచ్చారో తమ్ముడితో కలిసి ఒక నోటుపుస్తకంలో వ్రాసుకోవచ్చును. కొలువులో అలవాటైన పనే. ఆ పుస్తకంలో అంకెలు అనుకూలంగా కనిపిస్తే జూన్‌కు ముందే ట్రాక్టరు ఇంటికి రావాలి. యాభై గంటల పని కాగానే తొలి సర్వీసు చేయించి, ఇంజను నూనె మార్పించి, బోల్టులన్నీ బిగింపించాలి. సొంత అయిదెకరాలకు సార్వాలో పట్టేది ముప్ఫై గంటలే. కాబట్టి ఆ తొలి సర్వీసుకు మెకానిక్కు వచ్చే నాటికి ట్రాక్టరు ఉండేది పొరుగువారి చేలోనే. ఏ గట్టున ఉన్నదో అతడికి చెప్పడానికి తమ్ముడు రోడ్డు మీద నిలబడి ఉండాలి.