ఆకలి పెంచిన మందు

క్షయ మాత్రలు మనిషి బరువును బట్టి ఇస్తాం. 35 నుంచి 49 కిలోల దాకా రోజుకు మూడు, 64 దాకా నాలుగు, ఆపైన 75 దాకా ఐదు. ప్రభుత్వ సరఫరా కాబట్టి ఎవరి దగ్గరా పైసా తీసుకోం. ఉన్నవాడికీ లేనివాడికీ అదే స్ట్రిప్పు. ఇంత సమానంగా పంచే వస్తువు మన దేశంలో మరొకటి నాకు కనబడలేదు.

మిర్చి యార్డులో బస్తాలు మోసే ఒకాయన మందు మొదలుపెట్టిన కొన్ని వారాలకు రావడం మానేశాడు. నలభై దాటని మనిషి, బరువు 38 కిలోలు. ఆశా కార్యకర్త వెంటపడి తీసుకొచ్చింది. వాంతులా? మూత్రం ఎర్రగా వస్తోందని భయపడ్డావా? మళ్ళీ తాగుతున్నావా? మామూలుగా అడిగేవన్నీ అడిగాను.

"అయ్యేం లేవండీ. మందేసుకున్న కాణ్ణించి ఆకలి ఆగట్లేదు. పిల్లల కంచంలోది కూడా నేనే తింటన్నా. అందుకని మానేశా."

జ్వరం తగ్గి, క్రిములు వెనక్కి తగ్గగానే ఒళ్ళు పోగొట్టుకున్నదంతా తిరిగి అడుగుతుంది. మా పుస్తకాల లెక్కలో అది మంచి లక్షణం. ఆకలి తిరిగొచ్చింది, మందు పనిచేస్తోంది అని రాసుకుంటాం. హమాలీకి కూలి బస్తాల లెక్కన వస్తుంది. బస్తా ఎత్తలేని నెలలో కూలి లేదు, సరిగ్గా ఆ నెలలోనే ఆకలి రెట్టింపయింది.

ఆ రోజుల్లోనే అపార్ట్‌మెంట్లు కట్టే ఒకాయన కొడుక్కి కూడా ఇదే జబ్బు. పైగా షుగరు. వాళ్ళమ్మ గుడ్లూ పాలూ గంటల వారీగా కాగితం మీద రాసి తెచ్చి చూపించేది. రెండు నెలల్లో బరువు 65 దాటింది, నాలుగు మాత్రలు ఐదు చేయాల్సి వచ్చింది.

తిండే తేడా తెస్తుందన్న మాటకు ఎదురు వాదన లేకపోలేదు. 1956లో మద్రాసులో మొదలైన ఒక అధ్యయనాన్ని మాకు కాలేజీలో గర్వంగా చెప్పేవారు. కొందరు పేద రోగులను శానటోరియంలో మంచం, మంచి తిండి ఇచ్చి ఉంచారు. కొందరికి ఇంటి దగ్గరే మందిచ్చారు. ఏడాది తర్వాత చూస్తే ఫలితాల్లో పెద్ద తేడా లేదు. ప్రపంచమంతా శానటోరియాలను పక్కనపెట్టడానికి అది దారితీసింది. మదనపల్లె పక్క ఆరోగ్యవరం లాంటి చోట్ల నెలల తరబడి ఉండక్కర్లేకపోవడం పేదవాడికి మేలే. మందు వేసుకుంటూ ఉంటే జబ్బు నయమవుతుందన్నది నిజం. అయితే ఎవరికి జబ్బు వస్తుంది, ఎవరు మధ్యలో మానేస్తారు, ఎవరు చనిపోతారు అన్నవి వేరే ప్రశ్నలు.

పోషణ కోసం ప్రభుత్వం 2018 నుంచి రోగి ఖాతాలో నెలకు 500 రూపాయలు వేసింది, 2024 నవంబరు నుంచి అది వెయ్యి అయింది. రోజుకు 33 రూపాయలు. రోగి ఒక్కడే కూర్చుని తింటాడనుకున్న లెక్క ఇది. నలుగురి మధ్య ఉన్న గిన్నెలోంచి ఎవరైనా తన వాటా గుడ్డు తీసి విడిగా తింటారా?

జార్ఖండ్‌లో వైద్య పరిశోధకుడు అనురాగ్ భార్గవ బృందం ఈ లెక్కను సరిచేసింది. రోగికి నెలకు పది కిలోల ఆహార పొట్లం ఇచ్చి, సగం చోట్ల ఇంట్లోవాళ్ళకు కూడా, పెద్దలకైతే తలకి ఐదు కిలోల బియ్యం, కిలోన్నర పప్పు, విటమిన్ మాత్రలు ఇచ్చారు. 2023లో ఫలితాలు వచ్చాయి: ఆ ఇళ్ళలో కొత్తగా క్షయ రావడం 39 శాతం తగ్గింది. టీకా గురించి ఇలాంటి వార్త వచ్చి ఉంటే పత్రికలు మొదటి పేజీలో వేసేవి. పప్పు కదా, లోపలి పేజీకి పోయింది.

హమాలీ మళ్ళీ మందు మొదలుపెట్టాడు. ఈసారి భార్యను కూడా రమ్మన్నాను. తూకం ఎక్కమంటే, "జబ్బు ఆయనకండీ, నాకెందుకు?" అంది. 36 కిలోలు. ఇంట్లో అందరి తర్వాత తినే మనిషి ఈమే. ఆమెకు ఎక్స్‌రే తీయించాం, బాగానే ఉంది. నివారణ మాత్రలు ఆరు నెలలకు రాశాం. నా ఆసుపత్రిలో ఆమెకు ఇవ్వగలిగింది అంతవరకే. దాతలు రోగులకు ఇచ్చే ఆహార పొట్లాలు ఆమెకూ అడిగితే, అవి రోగులకే చాలడం లేదన్నారు. రోగి పేరు ఆయనది కనుక డబ్బూ ఆయన ఖాతాకే. పాత ఫారంలో ఇంట్లోవాళ్ళకు దగ్గుందా, జ్వరముందా అన్న గళ్ళు మాత్రమే ఉన్నాయి. బరువు రాయడానికి చోటు లేకపోతే మార్జిన్‌లో రాశాను. ఇప్పుడు మా నర్సులు రోగి వెంట వచ్చిన ప్రతివారినీ తూస్తున్నారు, ఆ కాగితాలను నెలనెలా జిల్లా కార్యాలయానికి పంపుతున్నాం.