ఎస్‌క్యూలైట్ మొహమాటం

ఎస్‌క్యూలైట్‌లో నాకు నచ్చనిది ఒకటే, దాని మొహమాటం. నడుస్తుండగా సెట్టింగ్ మార్చమంటే కాదనదు, చేశానో లేదో చెప్పదు. జర్నల్ మోడ్‌ని వాల్‌కి మారిస్తే ఆ మార్పు ఫైల్లోనే ఉండిపోతుంది. ఫారిన్ కీ చెక్ అలా కాదు, ఆన్ చేసిన కనెక్షన్‌కే వర్తిస్తుంది. పూల్‌లో పది కనెక్షన్లుంటే పదింటికీ చెప్పాలి. లేకపోతే కస్టమర్ని డిలీట్ చేసినా అతని ఆర్డర్లు అనాథల్లా మిగిలిపోతాయి. ట్రాన్సాక్షన్ మధ్యలో చెప్పారనుకోండి, అసలు వినిపించుకోదు! ప్రాగ్మా పేరులో అక్షరం తప్పినా ఎర్రర్ రాదు.

2009లో 3.6.19 వెర్షన్‌తో ఈ చెక్ వచ్చినప్పుడు, పాత ప్రోగ్రాములు చెడకూడదని డీఫాల్ట్‌గా ఆఫ్‌లో ఉంచారు. సరే, అర్థం చేసుకోగలను. ఈ మౌనమే మింగుడుపడదు. అందుకే సెట్ చేయగానే మళ్ళీ విలువ అడుగుతా. 1 రాకపోతే ప్రోగ్రాం అక్కడే ఆపేస్తా.