మద్రాసు కావలసిన ఊరు

1626. అట్లాంటిక్ ఒడ్డున డచ్చి వర్తకులు మన్‌హటన్ దీవిని కొన్నారు. అక్కడి ఆదివాసులకు ముట్టజెప్పింది 60 గిల్డర్ల విలువ చేసే సరుకు. న్యూ ఆమ్‌స్టర్‌డామ్ అని వాళ్లు పిలుచుకున్న ఆ చిన్న కోట ఊరే తర్వాత న్యూయార్క్ అయింది.

సరిగ్గా అదే ఏడాది బంగాళాఖాతం ఒడ్డున, నెల్లూరు సీమలో ఇంగ్లీషువాళ్లు ఓ పల్లెలో దిగి వర్తక స్థావరం పెట్టారు. దానికి వాళ్లు పెట్టుకున్న పేరు ఆర్మగాన్. అదే మన దుగరాజపట్నం! మొదటి ఊరి సంగతి లోకమంతటికీ తెలుసు. రెండో ఊరికి వెళ్లాలంటే మాత్రం గూడూరులో దిగి, కోట, వాకాడు మీదుగా దారి అడుక్కుంటూ పోవాలి.

ఇంతకీ ఆ దొరలు ఇక్కడికెందుకొచ్చినట్టు? బట్ట కోసం. జాజికాయ, జాపత్రి, లవంగం పండే తూర్పు దీవుల్లో ఆ రోజుల్లో మన కోస్తా నూలుబట్టకు, రంగుల అద్దకాలకు విపరీతమైన గిరాకీ. ఇక్కడ బట్ట కొని అక్కడ ఇస్తే సుగంధ ద్రవ్యాలు చేతికొచ్చేవి. వాటిమీద తెల్లవాళ్ల మోజు ఎంతటిదంటే... 1667 నాటి ఒప్పందంలో డచ్చివాళ్లు జాజికాయ పండే రన్ అనే బుల్లి దీవిని అట్టిపెట్టుకుని, అప్పటికే ఇంగ్లీషువాళ్లు ఆక్రమించుకున్న న్యూయార్క్‌ను వాళ్లకే వదిలేశారు. ఆ బేరం తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది కానీ, అప్పటి లెక్కల్లో అది మంచి బేరమే!

బట్ట కిటుకు ముందు పట్టిందీ డచ్చివాళ్లే. పులికాట్ సరస్సు దక్షిణపు కొసన 1613లోనే గెల్డ్రియా కోట కట్టుకున్నారు. 1621లో ఇంగ్లీషువాళ్లూ అక్కడికే చేరి వాళ్లతో కలిసి వ్యాపారం చేయబోయారు. ఒకే ఒరలో రెండు కత్తులు ఇముడుతాయా? రెండేళ్లకే మూటాముల్లె సర్దుకున్నారు. 1611 నుంచీ మచిలీపట్నంలో ఉన్నా గోల్కొండ అధికారులతో నిత్యం తగవులే. అందుకే వాళ్లిద్దరి ఊసూ లేని చోటు వెతుక్కుంటూ దుగరాజపట్నం వచ్చారు. ఆర్ముగ మొదలియార్ అనే స్థానిక పెద్ద వాళ్లకు సాయం చేశాడని, ఆ కృతజ్ఞతతోనే ఊరికి ఆయన పేరు పెట్టారని చెబుతారు. ఆర్ముగం కాస్తా దొరల నోట్లో నలిగి ఆర్మగాన్ అయిందన్నమాట.

తూర్పు తీరంలో ఇంగ్లీషువాళ్లు కోట కట్టుకున్న మొదటి చోటు ఇదే. కోట అంటే గోల్కొండ లాంటిది అనుకునేరు! స్థావరం చుట్టూ 12 ఫిరంగులు, గుమాస్తాలూ సిపాయిలూ అంతా కలిపి 23 మంది. అంతే. అయినా రెండేళ్లు తిరక్కుండానే, 1628లో మచిలీపట్నంలో కాలు నిలవక వర్తకులంతా ఇక్కడికే వచ్చి తలదాచుకున్నారు. 1632లో గోల్కొండ నవాబు అబ్దుల్లా కుతుబ్‌షా బంగారు ఫర్మానా ఇచ్చాక గానీ అక్కడ వాళ్ల వ్యాపారం కుదుటపడలేదు.

ఊరికి దేవుడిచ్చిన వసతి కూడా ఒకటుంది. తీరానికి దూరంగా సముద్రంలో ఓ పొడవాటి ఇసుకతిప్ప. దాని చాటున ఓడలు కాస్త నెమ్మదిగా నిలబడగలవు. కోరమండల్ తీరంలో ఇలాంటి చోట్లు అరుదు. మరి అన్నీ ఉండీ ఎందుకు వదిలేశారు? స్థానిక నాయకుడితో పొసగలేదు. చేతిలో డబ్బు ఆడలేదు. అన్నిటికన్నా ముఖ్యం, కావలసిన రకం బట్ట కావలసినంత దొరకలేదు. 1639లో ఆర్మగాన్ అధికారి ఫ్రాన్సిస్ డే దక్షిణంగా వెళ్లి చూసొచ్చి, అక్కడ బట్ట నాణ్యమైనదీ, ఇంకెక్కడికన్నా నూటికి ఇరవై చౌకా అని పైవాళ్లకు రాశాడు. పక్కనే ఉన్న శాంథోంలో ఆయనగారికి ప్రియురాలు ఉందని, చౌక సంగతి వట్టి సాకని అప్పట్లోనే గుసగుసలు. ఏదైతేనేం, ఆ ఏడాది ఆగస్టు 22న దామర్ల వెంకటాద్రి నాయకుడి నుంచి పట్టా వచ్చింది. 1640 ఫిబ్రవరిలో ఆర్మగాన్ జనం ఓడెక్కి మద్రాసులో దిగారు. వెంకటాద్రి తండ్రి చెన్నప్ప నాయకుడి పేరు మీదే చెన్నపట్నం. అంటే నేల ఇచ్చిందీ తెలుగు దొరే, దిగినవాళ్లు వచ్చిందీ తెలుగు రేవు నుంచే.

తమాషా ఏమిటంటే మద్రాసుకు రేవే లేదు! ఓడలు నడి సముద్రంలో ఆగితే సరుకునూ మనుషులనూ మసులా పడవల్లో అలల మీదుగా ఒడ్డుకు చేర్చేవారు. రేవు కట్టడం మొదలైంది 19వ శతాబ్దం చివర్లో. ఆ రెండు వందల ఏళ్ల పైచిలుకు కాలంలో ఆ అలల్లో మునిగిన మూటలకు లెక్కుందా?

దుగరాజపట్నం చుట్టుపక్కల నేల మాత్రం మద్రాసును పోషిస్తూనే వచ్చింది. బకింగ్‌హాం కాలువలో పడవల మీద శ్రీహరికోట అడవి కట్టెలు మద్రాసు పొయ్యిలకు వెళ్లేవి. నెల్లూరు మొలగొలుకుల బియ్యం అక్కడి ఇళ్లలో పేరున్న సరుకు. పెద్దాసుపత్రికైనా, పెళ్లి పట్టుచీరలకైనా, సినిమాల్లో చేరాలన్నా నెల్లూరోళ్లకు మద్రాసే. నెల్లూరును కార్యక్షేత్రం చేసుకున్న పొట్టి శ్రీరాములు 1952లో ఆంధ్రరాష్ట్రం కోసం నిరాహార దీక్షలో ప్రాణం విడిచిందీ అక్కడే. మరుసటేడు రాష్ట్రమొచ్చింది, మద్రాసు రాలేదు.

అదలా ఉంచితే, దుగరాజపట్నానికి ఇంకో అవకాశం వచ్చింది. 2013 కేంద్ర బడ్జెట్‌లో ఆంధ్రప్రదేశ్‌కు మేజర్ పోర్టు అన్నారు. 2014 రాష్ట్ర పునర్విభజన చట్టంలో ఈ ఊరి పేరే రాశారు. తొలిదశ 2018 చివరికల్లా పూర్తి కావాలనీ రాశారు. పక్కన శ్రీహరికోట రాకెట్ కేంద్రం, వెనక పులికాట్ పక్షుల సరస్సు, ఉత్తరాన అప్పటికే నడుస్తున్న కృష్ణపట్నం రేవు. అభ్యంతరాలొచ్చాయి, గిట్టుబాటు కాదన్న లెక్కలూ వచ్చాయి. 2018 వచ్చింది, వెళ్లింది. పోర్టు రాలేదు. చట్టంలో రాసుకున్న మాటకే ఈ గతి పడితే వేటకెళ్లే పట్టపోళ్లు, రొయ్యల గుంటల రైతులు ఇంకెవరి మాట నమ్మాలి? 2022 జిల్లాల విభజనలో వాకాడు మండలం తిరుపతి జిల్లాలోకి వెళ్లడంతో నెల్లూరు పేరూ దూరమైంది. 2025లో ఓడలు కట్టే కేంద్రం ఇక్కడ పెడతారన్న ప్రతిపాదన వార్తల్లోకొచ్చింది.

ఆర్మగాన్ పేరు మాత్రం పూర్తిగా చెరిగిపోలేదు. నావికుల పటాల్లో ఆ ఇసుకతిప్పకు ఇప్పటికీ అదే పేరు. ఒడ్డునున్న లైట్‌హౌస్‌కూ అదే పేరు. చీకటి పడ్డాక ఆ దీపాన్ని ఆనవాలు పట్టుకుని, తిప్పకు దూరంగా తప్పుకుని, ఓడలు చెన్నైకి వెళుతుంటాయి.