పంచదార లేని కాఫీ

మా అత్తగారికి కాఫీ యనిన ప్రాణము. తెల్లవారుజామున స్నానము చేసి, తులసికోటకడ దీపము పెట్టి వచ్చి, వంటయింటి గడపయొద్ద కూర్చుండి, ఫిల్టరులో డికాక్షను బొట్టుబొట్టుగా దిగు చప్పుడు నాలకించుచుందురు. ఏకాదశినాడు అన్నము మానుదురు గాని కాఫీ మానరు. పదునొకండేండ్ల క్రిందట ఆమెకు మధుమేహమని తేలినపుడు మేము మొట్టమొదట పంచదార డబ్బాను అటకపై కెక్కించితిమి. ఆమె మాఱు పలుకలేదు. నాలుగు దినములు చప్పని కాఫీ త్రాగి, అయిదవనాడు "కాఫీ తాగినట్టు లేదే అమ్మాయీ, కషాయం తాగినట్టుంది" అని మాత్ర మనిరి. మాకు జాలి కలిగి, తీపినిచ్చు తెల్లపొడి పొట్లములు మందుల దుకాణమునుండి తెప్పించితిమి. గ్లాసునకొక పొట్లము. ఇల్లు చల్లబడినది.

గడచిన సంవత్సరము మా మరది హైదరాబాదునుండి వచ్చుచు, వేడినీళ్లలో కలుపుకొను కాఫీపొడి పొట్లములు పెట్టెడు తెచ్చెను. పాలు, తీపి అన్నియు నందే యున్నవి. పైన "పంచదార చేర్చనిది" యను నర్థము వచ్చునట్లు ఇంగ్లీషున పెద్ద యక్షరములు. అత్తగారు మోకాళ్ల నొప్పులవలన పొయ్యియొద్ద నిలువలేరు. ఇపుడు తామే ఫ్లాస్కులోని నీళ్లు పోసికొని కలుపుకొనసాగిరి. దినమునకు నాలుగు గ్లాసులు. అలవాటు చొప్పున గ్లాసునకొక తెల్లపొడి పొట్లము కూడ. మాకును పని తగ్గెనని సంతోషించితి మన్నమాట దాచనేల?

మూడు నెలల సగటు చక్కెరను దెలుపు పరీక్షలో అంతకుముందు 7.4 ఉండెడిది, ఈసారి 8.3 వచ్చినది. డాక్టరుగారు "ఏమి తినుచున్నారు?" అని యడిగిరి. మాకు దీపావళికి చేసిన సున్నుండలు జ్ఞప్తికి వచ్చినవి. డబ్బాలో రెండు తగ్గియుండెను. ఇంటికి వచ్చి, పిల్లలయెదుటనే "అత్తయ్యగారూ, చాటుగా తింటే ఒళ్లు మీదే కదండీ" అంటిమి. ఆమె "నేను తినలేదమ్మా" అని లోనికి బోయిరి. నమ్మలేదు. రాత్రి విస్తరిలో పిడికెడన్నము తగ్గించితిమి. ఆ యుండలు తిన్నవాడు మా చిన్నవాడని పదిదినములకు గాని బయటపడలేదు. అప్పటికిని చక్కెర యెందుల కెక్కినదో తెలియలేదు.

ఒకనాటి మధ్యాహ్నము ఆమె నిదురించుచుండగా ఆ పొట్లమును వెనుకకు త్రిప్పి చదివితిమి. చిన్ననాట తండ్రిగారియొద్ద భారతము, నైషధము పద్యము పద్యమునకు అర్థము చెప్పుకొని చదివినవారమే. పొట్లము వెనుకభాగము మాత్ర మెన్నడును చదువలేదు. పాలపొడి, మాల్టోడెక్స్ట్రిన్, కాఫీ, సుక్రలోజు అని వరుస. వరుసలో ముందున్నది ఎక్కువ యున్నట్లు. కాఫీ మూడవది!

ఈ మాల్టోడెక్స్ట్రిన్ అననేమో మా యింటి నిఘంటువులలో లేదు. మావారు గణితోపాధ్యాయులు, వారి బడిలో రసాయనశాస్త్రము బోధించువారి నడిగి వచ్చి చెప్పిరి. మొక్కజొన్న మొదలగువాని గంజిపిండిని ఎంజైములతో చిన్నచిన్న తునుకలుగా నఱకిన పొడి యట. రుచి అంతగా నుండదు, నీట కరగును, పానీయమునకు చిక్కదన మిచ్చును. కడుపులో పడినంతనే గ్లూకోజుగా మాఱిపోవును. గ్రామునకు 4 క్యాలరీలు, పంచదారకువలెనే. అయినను చీటిపైని "చక్కెరలు" అను గడిలో నది చేరదు. ఆ గడిలోనికి ఒంటి, జంట చక్కెరలే వచ్చును. దీనిది పైనున్న "పిండిపదార్థములు" అను గడి. అమృతము పంచునాడు దేవతల పంక్తిలో గూర్చున్న రాహువు మాకు జ్ఞప్తికి వచ్చినాడు.

మన దేశమున 2018 నాటి ఆహార నిబంధనల ప్రకారము, నూఱు గ్రాములలో చక్కెర అరగ్రామునకు మించనిదానినే "చక్కెర లేనిది" అనవలెను. పాలపొడిలో పాలచక్కెర యుండును గావున ఈ పొట్లముపై నా మాట వ్రాయరాదు. "చేర్చనిది" అని వ్రాసిరి. లేనిది, చేర్చనిది: తొందరలో నున్న కంటికి రెండును ఒకటే. నిజముగా చక్కెర లేనిదైనను ఆ మాట చక్కెరను గూర్చియే గాని పిండిని గూర్చి కాదు. చక్కెర లేదని యమ్ము బిస్కత్తులలో గోధుమపిండి యెక్కడికి బోవును?

తెల్లపొడి పొట్లమును కూడ విప్పిచూచితిమి. సుక్రలోజు పంచదారకంటె సుమారు 600 రెట్లు తీపి. రెండు చెంచాల పంచదారకు సాటి రావలెనన్న పదునైదు మిల్లీగ్రాములైనను అక్కఱలేదు. అంత కొంచెము చేతి కందదు. అందుచే డెక్స్ట్రోజో, మాల్టోడెక్స్ట్రినో కలిపి గ్రాముదాక పెంచుదురు. ఆ గ్రామంతయు దాదాపు పిండిపదార్థమే. ఒక్కటైన లెక్కకు రాదు. అదే మందు చిన్నగుళికలుగా వచ్చినపుడు కలిపిన పిండి మఱియు స్వల్పము. పంచదారతో పోల్చిన ఆ పొట్లమే మేలని యొప్పుకొనవలెను.

ఇక కూడిక. కాఫీపొట్లమొకటికి 9 గ్రాములు, నాలుగింటికి 36. తెల్లపొడి నాలుగు. మొత్తము 40 గ్రాములు. అది యించుమించు కప్పెడన్నములోని పిండిపదార్థము. రాత్రి విస్తరినుండి పిడికెడు తీసివైచి, పగలంతయు గ్లాసులో కప్పెడు పోయుచున్నాము!

మావారు కూడికతో తృప్తిపడలేదు. ఒక్కనాటి పరీక్ష నమ్మరాదని మూడుదినము లాపొడి కాఫీతోను, మూడుదినములు మా ఫిల్టరు డికాక్షనులో రెండు చెంచాల పాలతోను, గ్లూకోమీటరుతో ముందొకసారి, గంటకొకసారి చూపించిరి. మొదటిరకమునకు 132 ఉన్నది 168 వఱకు పోయినది. తక్కిన రెండుదినములును అట్లే. రెండవరకమునకు పదిపండ్రెండుకు మించి కదలలేదు. ఆ కాగితము పట్టుకొని డాక్టరుగారియొద్దకు బోయితిమి. మందు పెంచక మూడునెలలు చూతమనిరి.

పాలనుగూర్చి యొక మాట. నూఱు మిల్లీలీటర్ల పాలలో సహజముగనే 5 గ్రాముల చక్కెర యున్నది. పాలు విషమని కాదు, గ్లాసునిండ పాలు పోసికొని "పంచదార వేయలేదు" అనుకొన్న లెక్క తప్పునని. మా చెల్లెలు పట్టణమున ఓట్సుపాల కాఫీ త్రాగి మురిసిపోవుచున్నది. ఓట్లను రుబ్బి ఎంజైము కలిపినపుడు అందలి పిండి కొంత మాల్టోజు అను చక్కెరగా మాఱును. ఎవరును చేర్చకయే చేరిన తీపి అది. చెప్పిన నవ్వినది.

అత్తగారికి చెప్పుట యే మాకు కష్టమైనది. కాగితము చూపి, లెక్క చెప్పి, సున్నుండల మాట యెత్తునప్పటికి గొంతు పట్టినది. ఆమె తల యెత్తక, "ఆ పొడి కాఫీలో అసలు కాఫీ వాసనే లేదమ్మా. నీకు పని తగ్గుతుందని తాగాను" అనిరి.

మూడునెలలకు 7.6 వచ్చినది. ఇపుడు ఫిల్టరు మరల గడపయొద్ద నున్నది. దినమునకు రెండు గ్లాసులు, రెండేసి చెంచాల పాలు, ఒక గుళిక. పరీక్ష కాగితము వచ్చిన రాత్రి తగ్గించిన పిడికెడన్నమును మరల వడ్డించితిమి. ఆమె విస్తరివంక చూచి, "ఇది లెక్కలోదేనా, అమ్మాయీ?" అని యడిగిరి. లెక్కలోనిదే యంటిమి. నెయ్యి కూడ నడిగిరి.