టేషన్లో తుపాకి, టెక్సాసులో తుపాకి

మా ఓర్వకల్లులో ఎలక్షన్లు వచ్చాయని చెప్పడానికి జెండాలూ మైకులూ అక్కర్లేదండీ. లైసెన్సు తుపాకులు ఒక్కొక్కటే పోలీస్ టేషన్ దారి పడితే చాలు, కోడ్ వచ్చిందని అర్థం. మా వీధిలో ఒక పెద్దాయన ఉన్నాడు, నేను మామా అని పిలుస్తాను. పంట కాపలాకని ఏనాడో ఇచ్చిన ఒంటి గొట్టం తుపాకి ఒకటి ఆయన ఆస్తి. శనగ చేలో అడవిపందులు పడితే గాల్లోకి ఒకటి పేలుస్తాడు, అంతకుమించి దానికి పని లేదు. 2024 మార్చిలో కోడ్ కూయగానే దాన్ని పాత పంచెలో చుట్టి, బైకు వెనక కూర్చుని, పసిబిడ్డను పట్టుకున్నట్టు ఒళ్లో పెట్టుకుని పోయాడు. టేషన్లో రైటరు కళ్లజోడు నుదుటి మీదికి తోసి, గొట్టం మీది నంబరు వేలితో తడిమి చదివి, రిజిస్టర్లో ఎక్కించి, మడమకు దారంతో చీటీ కట్టి రసీదు రాసిచ్చాడు. మే 13న మామ ఓటేశాడు. జూన్ 4న ఫలితాలు వచ్చాయి. ఆ తర్వాత వారం దాటితే గానీ తుపాకి చేతికి రాదు, అదీ రూలు.

"ఎవరికేసినావు మామా" అంటే చెప్పలేదు. తుపాకి ఇప్పించే పార్టీ ఏదైనా ఉందా అని ఎగతాళి చేస్తే మాత్రం "దానికీ ఓటుకూ ఏం సంబంధం అల్లుడా" అని నా మొహంలోకి వింతగా చూశాడు.

ఆయన కొడుకు టెక్సాసులో సాఫ్ట్‌వేరు. పౌరసత్వం వచ్చేసింది, ఇంట్లో పిస్తోలు కూడా ఉంది. అక్కడ వీసాల లెక్క తమాషాగా ఉంటుంది లెండి. హెచ్‌వన్‌బీ మీద ఉన్నవాడికి వేట లైసెన్సులాంటి మినహాయింపు ఉంటే తప్ప తుపాకి పట్టుకునే వీల్లేదు. గ్రీన్ కార్డు వస్తే తుపాకి కొనుక్కోవచ్చు గానీ ఓటు లేదు. పౌరుడైతేనే రెండూ. నవంబరు 5న మొదటిసారి ప్రెసిడెంటుకు ఓటేసి ఫోన్ చేశాడు: "నాయినా, నేను ట్రంపును చూసి ఏయలేదు, జడ్జీలను చూసి ఏసినా." మామ ఫోన్ నా చేతికిచ్చి "జడ్జీలకు ఓట్లేందో నువ్వే కనుక్కో" అన్నాడు.

కనుక్కుంటే కథ పెద్దదే. తుపాకి పెట్టుకునే హక్కు అక్కడ 1791 నుంచీ రాజ్యాంగంలో ఉంది. కానీ ఆ వాక్యానికి అర్థం చెప్పేది సుప్రీంకోర్టులోని తొమ్మిది మంది. వాళ్లకు రిటైర్మెంటు వయసు లేదు, ప్రాణం ఉన్నంతకాలం కుర్చీ. పేరు ప్రతిపాదించేది ప్రెసిడెంటు, సరే అనాల్సింది సెనేటు. 2008లో హెల్లర్ కేసులో తుపాకి మనిషి సొంత హక్కని తీర్పొచ్చింది, అదీ 5-4తో. ఒక్క మనిషి అటు తిరిగితే కథ మారిపోయేది. ఆ తీర్పు రాసిన స్కాలియా 2016 ఫిబ్రవరిలో టెక్సాసులోనే ఒక వేట విడిదిలో కన్నుమూశాడు. ఒబామా ఆ కుర్చీకి గార్లండ్ పేరు పంపితే, రిపబ్లికన్ల సెనేటు విచారణ కూడా పెట్టకుండా ఎన్నికల దాకా నాన్చింది. మే నెలలో ట్రంపు నేను గెలిస్తే వీళ్లలోంచే వేస్తానని పదకొండు పేర్ల జాబితా బయటపెట్టాడు. రెండు రోజులకే తుపాకీవాళ్ల సంఘం ఎన్‌ఆర్‌ఏ ఆయనకు జై కొట్టింది. (మనకూ ఎన్‌ఆర్‌ఏ ఉంది, నేషనల్ రైఫిల్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా. పాపం, అది పోటీల్లో గురి చూసి కొట్టేవాళ్ల సంఘం, దానికి ఓట్ల గొడవ లేదు.)

ఇక్కడే అసలు రుచి ఉంది. 2017లో లాస్ వేగాస్‌లో ఒకడు హోటలు కిటికీలోంచి జనం మీద గుళ్లు కురిపించాక, మామూలు తుపాకిని మెషీన్ గన్నులా పేల్చే బంప్ స్టాకులను 2018 చివర్లో నిషేధించింది ఎవరనుకున్నారు? ట్రంపు ప్రభుత్వమే! తుపాకీవాళ్లు లబోదిబోమన్నారు. 2024 జూన్‌లో ఆ నిషేధాన్ని కొట్టేసింది సుప్రీంకోర్టు, 6-3తో. ఆ ఆరుగురిలో ముగ్గురు ట్రంపు వేసినవాళ్లే. "ప్రెసిడెంటు మాట మారుస్తాడు, జడ్జి ఉండిపోతాడు" అని మామ కొడుకు వాదన. వాదన గట్టిదే. 2024 ఎన్నికల్లో ట్రంపు మీద నిలబడ్డ కమలా హారిస్ నా దగ్గరా గ్లాక్ పిస్తోలుందని చెప్పుకున్నా, తుపాకీవాళ్లలో చాలామందికి ఎక్కలేదు. వాళ్లు చూసేది ఆమె సొరుగులో ఏముందని కాదు, కోర్టులో ఎవరిని కూర్చోబెడుతుందని.

జడ్జీల లెక్కా ఎప్పుడూ కుదరదనుకోండి. ఆ జూన్‌లోనే భార్యనో ప్రియురాలినో బాదేవాడని కోర్టు ఆంక్ష పెట్టినవాడి దగ్గర తుపాకి ఉండకూడదన్న చట్టం నిలబడింది, 8-1తో. ట్రంపు వేసిన ముగ్గురూ ఆ ఎనిమిది మందిలోనే ఉన్నారు.

ఇంత దూరం ఆలోచించి ఓటేసేవాణ్ని మెచ్చుకోవాల్సిందే. కానీ బడి, ఆసుపత్రి, జీతం, వీసా అన్నీ పక్కనపెట్టి ఒక్క తుపాకి కోసం ఓటేయడం నాకు మింగుడుపడదు. 2017 ఫిబ్రవరిలో కాన్సాస్ రాష్ట్రం ఒలేథాలో ఒక బారులో మన తెలుగు ఇంజినీరును కాల్చి చంపారు. 2023 మేలో డాలస్ పక్కన ఆలెన్ మాల్‌లో పోయినవాళ్లలో ఒక తెలుగమ్మాయి ఉంది. ఇవన్నీ మామకు తెలుసు. కొడుకు "అందరి దగ్గరా ఉంది నాయినా" అంటే ఆయన ఒక్కటే అడిగాడు: "నాది పందులకురా. నీది ఎవరికి?" అవతల కాసేపు మాట లేదు.

మన దగ్గర తుపాకి హక్కు కాదు, అనుమతి. ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని 1847లో కోయిలకుంట్లలో ఉరితీసిన దొరలు, 1878లో ఆయుధాల చట్టం తెచ్చి లైసెన్సు లేనిదే తుపాకి లేదన్నారు, తెల్లవాళ్లకు మాత్రం మినహాయింపు. స్వతంత్రం వచ్చాక 1959లో మన చట్టం వచ్చింది, లైసెన్సు మాత్రం పోలేదు. (ఇప్పుడు మా ఓర్వకల్లు విమానాశ్రయానికి ఆ నరసింహారెడ్డి పేరే. కత్తి పట్టినవాడి పేరున్న గడపలో సంచిలోని చాకు తీసి పక్కన పెట్టమంటారు.) ఎలక్షనని అందరి తుపాకులూ గంపగుత్తగా గుంజుకోవడం కుదరదని, ఎవరిది ఎందుకు తీసుకోవాలో స్క్రీనింగ్ కమిటీ చూడాలని 2024 మార్చిలోనే అలహాబాదు హైకోర్టు చెప్పింది. ఆ సంగతి మామకు చెప్తే "పోనీలే, ఆ మూడు నెలలూ టేషన్లో ఉంటే నాకు తుడిచే పని తప్పింది" అన్నాడు.

తుపాకికీ ఓటుకూ సంబంధం మా సీమలోనూ ఉంది, కాకపోతే అది గన్‌మెన్ సంబంధం. ప్రభుత్వం మారిందంటే నాయకుల ఇళ్ల ముందు మొదట లెక్కేసేది దాన్నే: ఎవరికి ఫోర్ ప్లస్ ఫోరు, ఎవరికి టూ ప్లస్ టూ, ఎవరికి ఉన్నది పీకేశారు అని. కారు దిగేటప్పుడు వెనక తుపాకి పట్టిన మనిషి లేకపోతే పరువు సగం పోయినట్టే.

జడ్జీల సంగతంటారా, మన ఓటు అక్కడిదాకా పోదు. పేర్లు ఎంచేది పెద్ద జడ్జీలే కూర్చునే కొలీజియం. ఆ పని కొత్త కమిషనుకు అప్పగిస్తూ పార్లమెంటు చేసిన మార్పును 2015 అక్టోబరులో సుప్రీంకోర్టే కొట్టేసింది. అందుకే మా కర్నూలోళ్లు కోర్టులో ఎవరు కూర్చుంటారని అడగరు, కోర్టు యాడుంటుందని అడుగుతారు. 1937 శ్రీబాగ్ ఒడంబడిక నాటి నుంచీ అదే పంచాయితీ. రాజధానో హైకోర్టో ఒకటి సీమకన్నారు. 1953లో రాజధాని వచ్చింది, మూడేళ్లకే హైదరాబాదుకు పోయింది. 2020లో న్యాయ రాజధాని అన్నారు, అదీ నిలవలేదు. 2024 నవంబరులో కర్నూలులో హైకోర్టు బెంచి పెట్టాలని అసెంబ్లీ తీర్మానం చేసింది. ఇక చూడండి, ఉగ్గాని బజ్జీ తింటూ జనం దేని గురించి వాదించుకుంటారో: బెంచి నంద్యాల రోడ్డు వైపు వస్తే ఓర్వకల్లులో సెంటు ఎంత పలుకుతుందని.