కుందేటి గుండె

తర్కశాస్త్రం చదివినవారందరికీ కుందేటికొమ్ముతో పరిచయం ఉంటుంది. లోకంలో బొత్తిగా లేని వస్తువుకు ఉదాహరణ చెప్పవలసి వచ్చినప్పుడల్లా మన పూర్వులు ఆకాశపుష్పాన్నీ, వంధ్యాపుత్రుణ్ణీ, శశవిషాణాన్నీ పేర్కొన్నారు. కోల్‌కతాలో ఒక కళాశాలలో ముప్పై ఏళ్ళపాటు నేనుకూడ ఆ లేని కొమ్మునే విద్యార్థులకు చూపిస్తూ వచ్చాను. ఉద్యోగం విరమించుకొన్న తరువాత నిజమైన కుందేలు ఒకటి మా యింటికి వచ్చింది. దానికి కొమ్ములు లేవు గాని, ఉన్నదో లేదో తేల్చి చెప్పడానికి వీలుకాని వస్తువు మరొకటి దానిలో ఉన్నది. అది దాని గుండెజబ్బు.

మా మనుమరాలు దానికి తులో అని పేరు పెట్టింది. వంగభాషలో ఆ మాటకు దూది అని అర్థం. నిజానికి ఇది మన పొలాలలో పరుగెత్తే చెవులపిల్లి జాతి కాదు. చెవులపిల్లి నేలమీదనే పడుకొంటుంది. దాని పిల్లలు బొచ్చుతో, తెరచిన కళ్ళతో పుడతవి. మనం ఇళ్ళలో పెంచే కుందేలు ఐరోపానుంచి వచ్చిన వంశం. బొరియలో, కళ్ళు తెరవకుండా పుట్టేది. అతిథి ఆకలి తీర్చడానికి అగ్నిలో దూకిన జాతకకథలోని శశమూ, చంద్రునిలో మచ్చయై నిలిచిన శశమూ మన చెవులపిల్లులే. కాని మా మనుమరాలి దృష్టిలో తులో కూడ ఆ కుటుంబంలోనిదే. నేనెన్నడూ కాదనలేదు.

2024 ఫిబ్రవరిలో, దానికి ఆరవ ఏడు నడుస్తూ ఉండగా, తులో రోజూ ఎక్కే చిన్న పీటను ఎక్కడం మానివేసింది. వరండా ఈ చివరనుంచి ఆ చివరకు పోయేలోగా రెండుమార్లు ఆగి కూర్చునేది. గరికలో సగం మిగిల్చేది. కుందేలు తన బాధను దాచుకొనే ప్రాణి. అడవిలో నలతగా కనిపించినది ముందుగా వేటకు చిక్కుతుంది కనుక, తరతరాలుగా అది నేర్చిన విద్య ఇది. దాని జబ్బు మన కంటబడే సరికి అది చాలాదూరం వచ్చినట్లే లెక్క.

పశువైద్యుడు దానిని బల్లమీద పెట్టక, తన ఒడిలోనే ఉంచుకొని చాలాసేపు విన్నాడు. ఆరోగ్యంగా ఉన్న కుందేటి గుండె నిమిషానికి 180నుంచి 250సార్లు, భయపడితే ఇంకా ఎక్కువసార్లు, కొట్టుకొంటుంది. ఆ వేగంలో ఒక చప్పుడును మరొక చప్పుడునుంచి వేరుచేసి వినడమే కష్టం. ఆయన చివరకు, “మాస్టర్‌మశాయ్, గుండెలో ఏదో అదనపు చప్పుడు వినిపిస్తున్నది. ఊపిరితిత్తులలో నీరు చేరుతున్నదేమోనని నా అనుమానం. అనుమానమే సుమా, నిశ్చయం కాదు,” అన్నాడు.

నిశ్చయం కావాలంటే మార్గాలు లేకపోలేదు. ఎక్స్‌రే ఉన్నది. కాని మనుష్యులలో పెరిగి పెద్దయ్యేసరికి కుంచించుకుపోయే థైమస్ గ్రంథి కుందేటిలో జీవితాంతం గుండెకు ముందుభాగాన అట్లాగే నిలిచి ఉంటుంది. దాని నీడ గుండె నీడతో కలిసి చూచేవారిని తికమకపెడుతుంది. అల్ట్రాసౌండు అంతకంటె నమ్మదగినది. అయితే దానికోసం కుందేటిని కదలకుండా పట్టుకోవాలి. లేదా మత్తు ఇవ్వాలి. గుండె బలహీనమైన కుందేలు కేవలం భయంతోనే ప్రాణం విడువవచ్చు. ఆ రోజు బుట్టలో వచ్చినందుకే తులో రొప్పుతూ ఉన్నది. జబ్బు ఉన్నదని రుజువు చేసే ప్రయత్నమే దానిని చంపవచ్చు. రుజువు లేకుండా మందు వేస్తే లేని జబ్బుకు వైద్యం చేసినట్లు కావచ్చు.

ఇంట్లో రెండు పక్షాలు ఏర్పడినవి. పరీక్ష లేకుండా మందేమిటని మా అల్లుడు. పరీక్షకు తీసుకుపోతే తిరిగి తీసుకురాగలమా అని మా అమ్మాయి. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళని ఎవరికి వారు పంతం పట్టారు. పాపం, నాలుగు కాళ్ళూ ముడుచుకొని అది ఆ పక్కనే కూర్చున్నది.

అప్పుడు నాకు నా పాత పాఠమే జ్ఞప్తికి వచ్చింది. న్యాయదర్శనం చెప్పిన పదహారు పదార్థాలలో సంశయం మూడవది. బొత్తిగా తెలియని విషయంలో గాని, నిర్ణయమైపోయిన విషయంలో గాని న్యాయానికి పని లేదనీ, సంశయించిన విషయంలోనే దానికి ప్రవృత్తి అనీ వాత్స్యాయనుడు తన భాష్యారంభంలోనే తెలిపాడు. ఈ మాటను ఎన్నో ఏళ్ళు బోధించాను. సంశయాన్ని ఇంట్లో పెట్టుకొని, దానికి వేళకు మేత వేసి, దానితో కాపురం చేయవలసి వస్తుందని మాత్రం ఏనాడూ ఊహించలేదు.

వైద్యుడు మధ్యేమార్గం చూపించాడు. శరీరంలోని అదనపు నీటిని తీసివేసే ఫ్యూరోసెమైడు అనే మందును, దాని బరువును బట్టి, కొద్ది మోతాదులో కొన్నాళ్ళు ఇచ్చి చూద్దామన్నాడు. శ్వాస తేలికపడితే అనుమానం బలపడుతుంది. ఆ పేరు వినగానే నేను నవ్వాను. రోజూ ఉదయం నేను మింగే మాత్ర అదే. నా మాత్ర 40 మిల్లీగ్రాములు. దాని వంతు అందులో పదోవంతు.

ఈ మందుతో ఒక చిక్కు ఉన్నది. నీరు ఎక్కువగా పోతే కుందేటి పేగుల కదలిక మందగిస్తుంది. ఒక్కరోజు మేత మానినా దానికి ప్రాణాపాయమే. గుండెను కాపాడబోయి కడుపును ఎండబెట్టకూడదు. అందుచేత తడి ఆరని ఆకుకూరలు, లోతైన మట్టిపాత్రలో నీళ్ళు, ఎప్పుడూ తరగని గరిక. వారానికొకసారి వంటింటి త్రాసులో తూకం. అన్నిటికంటె ముఖ్యమైనది, అది నిద్రపోయేటప్పుడు దూరంగా కూర్చుండి డొక్క కదలికలు లెక్కపెట్టడం. విశ్రాంతిగా ఉన్న కుందేలు నిమిషానికి 30నుంచి 60సార్లు ఊపిరి తీస్తుంది. మందుకు ముందు నేను 84 లెక్కపెట్టాను. అయిదవనాటికి 56 అయింది.

పొగనుబట్టి నిప్పును ఊహించవచ్చు. కాని మంచుతెరను చూచి పొగ అని భ్రమపడేవారూ ఉంటారని తార్కికులు హెచ్చరించారు. మా వైద్యుడుకూడ తన చీటీలో అనుమానం అనే మాటను కొట్టివేయలేదు.

ఆ ఏప్రిల్ నెలాఖరున నగరంలో ఎండ 43 డిగ్రీలకు చేరింది. కుందేటికి మనవలె చెమట పట్టదు. ఒంటివేడి ముఖ్యంగా చెవులగుండానే పోవాలి. వట్టివేళ్ళ తడికలు కట్టి, గచ్చుమీద తడిగుడ్డలు పరచి, దాని చెవులను తడిచేతితో తుడుస్తూ ఆ వారం గడిపాము. ఇంటిల్లిపాదీ మెల్లగా మాట్లాడడం అప్పుడే అలవాటైంది.

కుందేలుకోసం ఇంత శ్రమ ఎందుకని అడిగినవారున్నారు. 1913లో సెయింట్ పీటర్స్‌బర్గులో అనిచ్‌కోవ్ అనే శాస్త్రజ్ఞుడు, తన సహచరుడు చలాటోవ్‌తో కలిసి, పొద్దుతిరుగుడు నూనెలో కొలెస్టరాలును కరిగించి కుందేళ్ళకు తినిపించాడు. వాటి రక్తనాళాల గోడలలో కొవ్వు పేరుకొనడం చూచాడు. నా గుండెవైద్యుడు నేడు నాకు చెప్పే పథ్యానికి మూలాలలో అదొకటి. ఆ కుందేళ్ళకు పేర్లు లేవు. నాకు వాటి ఋణం ఉన్నది. దానిని తీర్చుకొనే వీలు నాకు ఒక్క తులో వద్దనే దొరికింది.

ఇది వ్రాసేనాటికి ఊపిరిలెక్కల పుస్తకాలు మూడు నిండినవి. పరీక్ష ఇంకా జరగలేదు. జరిపించమని ఇప్పుడు అల్లుడుకూడ అడగడం లేదు. మనుమరాలు చదువుకోసం పుణే వెళ్ళింది. ప్రతి ఉదయమూ ఫోను చేసి, “దాదూ, ఇవాళ ఎంత?” అని అడుగుతుంది. “యాభైరెండు,” అంటాను. “మరి నువ్వు మాత్ర వేసుకొన్నావా?” అన్నది దాని రెండవ ప్రశ్న.