గూడ్సు బండిలో గుడ్డు

రాయ్‌పూర్ నుంచి బిలాస్‌పూర్ వెళ్లే రహదారి మీద, నగరం ఇంకా ముగియకముందే భన్‌పురి వస్తుంది. కర్మాగారాల షెడ్లు, వరుసగా నిలిచిన లారీలు, వాటి మధ్య ఇళ్లు. అలాంటి ఒక తెలుగు ఇంట్లో, ఒక శనివారం రాత్రి, ఒక తల్లి గూడ్సు బండిని తయారు చేయడానికి కూర్చున్నది. మర్నాటికి కొడుకుకు ఆరేళ్లు నిండుతాయి.

పిల్లవాడు అడిగింది గూడ్సు కాదు, వందేభారత్. 2024 సెప్టెంబరులో దుర్గ్–విశాఖపట్నం వందేభారత్ మొదలైనప్పటి నుంచి అతని కంటికి మరో బండి బండిగా ఆనడం లేదు. కానీ ఆ వాలు ముక్కును కేకులో చెక్కడం ఇంటి వంటగదిలో అయ్యే పని కాదు. (ఆ బండికి పచ్చజెండా ఊపడానికి పోటీపడే నాయకులకు ఈ కష్టం తెలియదు.) గూడ్సు అయితే పెట్టెలు పెట్టెలుగా కోసి వరుసగా పేర్చవచ్చు. పైగా ఆ ఇంటికి గూడ్సుతో చుట్టరికం ఉంది. పార్వతీపురం మీదుగా విజయనగరం–రాయ్‌పూర్ రైలు మార్గం 1931లో పూర్తయింది. ఆ దారినే ఉత్తరాంధ్ర కుటుంబాలు పని వెతుక్కుంటూ ఇటు వచ్చాయి. పిల్లవాడి తాత రాయ్‌పూర్‌లోని వ్యాగన్ రిపేర్ షాపులో పనిచేసి రిటైరైన మనిషి.

ఇంజను వెనక నాలుగు వ్యాగన్లు. మొదటిదానిలో బొగ్గు, అంటే నల్ల చాక్లెట్ ముక్కలు. రెండవదానిలో ధాన్యం, అంటే మరమరాలు. మూడవదానిలో సిమెంటు, అంటే చక్కెర పొడి. నాలుగవదానిలో ఉక్కు, అంటే వెండి కాగితం చుట్టిన చాక్లెట్లు. చక్రాలకు క్రీమ్ బిస్కెట్లు. ఛత్తీస్‌గఢ్ ఆర్థిక వ్యవస్థ ఇంత తియ్యగా ఏ బడ్జెట్ ప్రసంగంలోనూ కనిపించదు.

చిక్కు గుడ్డు దగ్గర వచ్చింది. పిలిచిన పదహారు మంది పిల్లల్లో ఇద్దరు కబీర్‌పంథీల ఇంటివారు, ఒక పాప జైనుల అమ్మాయి. తల్లి మొదట వేసిన పథకం తెలివైనదే: మూడు, నాలుగు వ్యాగన్లు గుడ్డు లేకుండా చేసి వాటికి పచ్చ కాగితపు జెండాలు గుచ్చడం. కొడుకు అడిగాడు: “మరి ఎవరు ఏ పెట్టె తినాలో ఎలా తెలుస్తుందమ్మా?”

“అడుగుదాం నాన్నా.”

“ఏమని?”

ఆమె చేతిలోని గరిట ఆగింది.

ఈ ప్రశ్న ఆ రాష్ట్ర ప్రభుత్వాన్ని కూడా ఒకసారి ఆపింది. 2019లో భూపేశ్ బఘేల్ ప్రభుత్వం బడి మధ్యాహ్న భోజనంలో గుడ్డు పెట్టాలని నిర్ణయించినప్పుడు కబీర్‌పంథీలు ఆందోళనకు దిగారు. వారి ప్రధాన పీఠం దామాఖేడా ఈ బిలాస్‌పూర్ రహదారి వైపే ఉంది. ప్రభుత్వం చివరకు మధ్యేమార్గం వెతికింది: తల్లిదండ్రుల మధ్య ఏకాభిప్రాయం కుదరని చోట, కావలసిన పిల్లలకు గుడ్లను ఇంటికే చేరుస్తామన్నది. ఇంటికి చేరిన గుడ్డు ఏ పళ్లెంలోకి వెళ్లిందో ఏ రిజిస్టరూ చెప్పదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం అక్కడ అయిదేళ్లలోపు పిల్లల్లో 34.6 శాతం మంది వయసుకు తగిన ఎత్తు ఎదగలేదు. ఆంధ్రప్రదేశ్ బడుల్లో 2020 నుంచి వారానికి అయిదు గుడ్లు పెడుతున్నారు.

ఆ తల్లి మాత్రం గుడ్లను తిరిగి ఫ్రిజ్‌లో పెట్టింది. బండి మొత్తం గుడ్డు లేకుండానే నడుస్తుందని తేల్చింది. దీన్ని ప్రభుత్వాలకు ఆదర్శంగా చూపేవారు ఉంటారు. అది తప్పుడు పోలిక. పుట్టినరోజు కేకులో గుడ్డు లేకపోతే ఏ బిడ్డ ఎదుగుదలా ఆగదు, వచ్చిన పిల్లలందరూ ఒకే బల్ల చుట్టూ నిలబడతారు. బడి పళ్లెంలో గుడ్డు తీసేస్తే నష్టపోయేది ఇంట్లో గుడ్డు దొరకని బిడ్డే. ఇంటి యజమానురాలు చేసిన సర్దుబాటును రాజ్యం కూడా చేస్తే అది మర్యాద అనిపించుకోదు.

“గుడ్లెయ్యకుండా కేకేటమ్మా, రొట్టవుద్ది గానీ!” అన్నారు అత్తగారు. ఆమె భయం నిరాధారం కాదు. గుడ్డు పిండిలో గాలిని పట్టి ఉంచుతుంది, వేడికి గట్టిపడి కేకును నిలబెడుతుంది. అది లేనప్పుడు పెరుగులోని పులుపు, వంటసోడా కలిసి పుట్టించే వాయువే దిక్కు. ఆ పొంగు ఎంతోసేపు నిలవదు. మొదటి విడత పిండిని కలిపి, ఎవరో తలుపు తట్టితే వెళ్లి, పావుగంట తరవాత ఓవెన్‌లో పెట్టింది. నడుమ గుంట పడింది. అత్తగారు ఏమీ అనలేదు. అనకపోవడమే ఎక్కువ వినిపించింది. రెండవ విడతకు ఓవెన్ ముందే వేడెక్కించి, కలిపిన మరుక్షణం లోపల పెట్టింది. నలభై నిమిషాలకు అది చక్కగా లేచింది. ఇంజను దానితోనే చేసింది. గుంట పడినదాన్ని పారేయబోతుంటే, పడక్కుర్చీలోంచి తాత అన్నాడు: “ఆగమ్మా. బొగ్గు వ్యాగన్‌కు పైకప్పు ఉండదు. గుంట ఉంటేనే సరుకు నిలుస్తుంది.”

ఆదివారం సాయంత్రం కోయవలసి వచ్చినప్పుడు పిల్లవాడు ఇంజనుకు అడ్డంగా నిలబడ్డాడు. కేకుకు ఒక ఆకారం ఇచ్చాక దాని మీద కత్తి పెట్టడం చిన్న సంగతి కాదు. 2022 నవంబరులో కమల్‌నాథ్ ఛింద్వాడాలో గుడి ఆకారంలోని పుట్టినరోజు కేకు కోస్తే ప్రత్యర్థులు ఎంత రభస చేశారో తెలిసిందే. ఇక్కడ రాజీ త్వరగానే కుదిరింది: వ్యాగన్లు అతిథులకు, ఇంజను ఇంటికి. పదిహేను నిమిషాల్లో నాలుగు వ్యాగన్ల సరుకూ దిగిపోయింది. జైనుల అమ్మాయి రెండుసార్లు సిమెంటు తీసుకున్నది. ఎవరు ఏమి తింటారని ఎవరూ ఎవరినీ అడగలేదు.

ఇంజనును ఫ్రిజ్‌లో దాచారు. మంగళవారానికి దాని చక్రాల్లో రెండు కనిపించలేదు. తాత మాత్రం తనకేమీ తెలియదన్నాడు.